టెస్టర్ జేబులోనే ఉండనివ్వండి

ప్రశ్న: అక్కా, మాది కదిరి దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి పంతొమ్మిదేళ్లయింది. కె.ఆర్.పురం దగ్గర ఉంటాం. మా ఆయన ఎలక్ట్రీషియన్. కాంట్రాక్టర్ లైసెన్సు కూడా తీసుకున్నాడు, కింద నలుగురు కుర్రాళ్లు పనిచేస్తారు. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మూడేళ్ల కింద మా లేఅవుట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ మాటిమాటికీ కాలిపోయేది. ఈయన రాత్రిళ్లు క్లాంప్ మీటర్ పెట్టి, మూడు ఫేజుల్లో ఎంతెంత లోడు పోతోందో నెల రోజులు నోట్‌బుక్కులో రాసి, కరెంటాఫీసులో ఇంజనీరు ముందు పెట్టాడు. కొత్తది పెద్దది వచ్చింది. అప్పటినుంచి లేఅవుట్ సంఘానికి ఆయనే సెక్రెటరీ. ఇప్పుడొక పార్టీ లీడరు వచ్చి "ముందు కార్పొరేటర్, ఆ తర్వాత ఎమ్మెల్యే" అంటున్నాడు. రెండు నెలలుగా మా ఆయన పనికి సరిగా పోవడం లేదు. ఐదు తెల్ల చొక్కాలు కుట్టించుకున్నాడు, అవీ నాచేతే. పార్టీ ఫండని మూడు లక్షలు అడిగారంట, చీటీ ఎత్తి ఇద్దామంటాడు. "ఆటో తోలినాయన ముఖ్యమంత్రి కాలేదా" అని ఫోన్లో వీడియోలు చూపిస్తాడు. మా బావగారేమో "వైరు పట్టుకునేవాడికి మైకెందుకు" అని నవ్వుతారు. ఓటు వేయడానికి మేమింకా కదిరికే పోతాం. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. చేతిపని చేసుకునేవాళ్లు నిజంగా అంత దూరం పోయారా అక్కా? ఈయన్ని ఆపాలా, వద్దా?
— ఒక చెల్లి, బెంగళూరు

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ బావగారి సంగతి తేల్చేద్దాం. ఆయన ఈసారి నవ్వినప్పుడు లెక్ వలేసా పేరు చెప్పండి. పోలండ్‌లో గ్డాన్స్క్ అనే రేవు ఊళ్లో, ఓడలు కట్టే కార్ఖానాలో ఎలక్ట్రీషియన్. మీ ఆయన చేసే పనే. 1976లో మేనేజ్‌మెంటును ఎదిరించి మాట్లాడాడని పనిలోంచి తీసేశారు. 1980 ఆగస్టులో లోపల సమ్మె మొదలైందని తెలిసి, గేటు దగ్గర రానివ్వరని గోడ దూకి వెళ్లాడు. ఆ సమ్మెలోంచే సాలిడారిటీ అనే కార్మిక సంఘం పుట్టింది. 1983లో నోబెల్ శాంతి బహుమతి, 1990లో దేశాధ్యక్ష పదవి. వైరు పట్టుకున్న చేతికే మైకు వచ్చింది మరి.

మన ఊళ్లో విధానసౌధ ఉంది కదా. 1951లో నెహ్రూ శంకుస్థాపన చేస్తే 1956కి కట్టడం పూర్తయింది. మంత్రివర్గం కూర్చునే గదికి గంధపుచెక్క తలుపు ఉంటుంది, చెక్కడం పనితో. అది చెక్కిన చేతుల పేర్లు ఎవరికీ గుర్తు లేవు. ఆ తలుపు వెనక కూర్చున్నవాళ్ల పేర్లు మాత్రం పుస్తకాల్లో ఉన్నాయి. మీ బావగారి నవ్వు అక్కడినుంచే వస్తుంది. కట్టేవాళ్లు వేరు, కూర్చునేవాళ్లు వేరు అని మనకు చిన్నప్పటినుంచీ అలవాటైపోయింది. కాబట్టి ఆయన నవ్వును పట్టించుకోకండి.

ఇక మీ ఆయన చూపించే వీడియో. అది అబద్ధం కాదు. ఏక్‌నాథ్ శిందే ఠాణేలో ఆటో తోలారు, 2022 జూన్ 30న మహారాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. కానీ ఒక నిమిషం వీడియోలో పట్టనిది ఒకటుంది. ఆయన ఠాణే కార్పొరేటర్ అయింది 1997లో, ఎమ్మెల్యే అయింది 2004లో. అంటే వార్డునుంచి ముఖ్యమంత్రి కుర్చీకి పాతికేళ్లు పట్టింది. అంతకుముందు శివసేన శాఖలో, ఆనంద్ దిఘే అనే నాయకుడి వెనక తిరిగిన ఏళ్లు దీనికి అదనం. ఆటోకూ కుర్చీకీ మధ్య ఉన్న ఆ కాలమంతా వీడియో చేసినవాడు కత్తిరించేశాడు.

మీరు కుట్టుపని చేస్తారు కాబట్టి మీకు కేరళ అచ్యుతానందన్ కథ చెప్పాలి. నాలుగేళ్లకు తల్లి, పదకొండేళ్లకు తండ్రి పోయారు. ఏడో తరగతితో బడి మానేసి అన్న నడిపే బట్టలు కుట్టే దుకాణంలో చేరాడు. తర్వాత ఆలప్పుళలో కొబ్బరిపీచు ఫ్యాక్టరీలో తాళ్లు పేనే పని. అక్కడ యూనియన్, యూనియన్‌లోంచి పార్టీ. కుట్టనాడు పొలాల్లో కూలీలను కూడగట్టమని పార్టీ పంపితే పడవల మీద, బురదలో తిరిగాడు. 1965లో మొదటిసారి అసెంబ్లీకి నిలబడి ఓడిపోయాడు. 1967లో గెలిచాడు. 1996లో ఆయన కూటమి గెలిచినా ఈయన మాత్రం తన సీటులో ఓడిపోయాడు, లేకపోతే అప్పుడే ముఖ్యమంత్రి అయ్యేవాడని అందరూ అనుకున్నారు. ఆఖరికి 2006లో ముఖ్యమంత్రి అయ్యాడు, ఎనభై రెండేళ్ల వయసులో! మీ ఆయనకు నలభైకి అటూ ఇటూ ఉంటాయేమో. తొందర పడాల్సిన వయసేమీ కాదని నెమ్మదిగా చెప్పండి.

అదే కేరళలో ఆయన తర్వాత కొన్నేళ్లకు ముఖ్యమంత్రి అయిన పినరయి విజయన్ కూడా స్కూలు అయ్యాక, కాలేజీలో చేరకముందు, ఏడాది పాటు మగ్గం నేశాడు. మన తెలుగువాళ్లలో ప్రగడ కోటయ్యగారున్నారు. నేత కుటుంబంలో పుట్టి, చేనేత సహకార సంఘాల పనిలో నలిగి, చీరాలనుంచి శాసనసభకూ ఆ తర్వాత రాజ్యసభకూ వెళ్లారు. వీళ్లందరినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒకటే. పని మానేసి రాజకీయం వెతుక్కుంటూ పోయినవాడు వీళ్లలో లేడు. పని దగ్గరే పదిమంది చేరారు, ఆ పదిమంది ముందుకు తోశారు.

ఇటీవలి ముచ్చట కూడా ఒకటి. 2022 పంజాబ్ ఎన్నికల్లో భదౌర్ అనే చోట అప్పటి ముఖ్యమంత్రి చన్నీని లాభ్ సింగ్ ఉగోకే అనే కుర్రాడు 37,558 ఓట్ల తేడాతో ఓడించాడు. మొబైల్ ఫోన్లు బాగుచేసే దుకాణం నడిపినవాడు. తల్లి సర్కారు బడిలో ఊడ్చే పని చేసేది. పేపర్లవాళ్లు రాత్రికి రాత్రే అన్నట్టు రాశారు గానీ, 2013నుంచే అతను ఆమ్ ఆద్మీ పార్టీలో కార్యకర్త. అది అక్కడ పార్టీ గాలి వీచిన ఏడు అన్నదీ నిజమే. గాలి లేనప్పుడు ఏమవుతుందో మీ జిల్లా పక్కనే చూశారు కదా. 2024లో శింగనమలలో వైఎస్సార్‌సీపీ టిప్పర్ డ్రైవర్‌కు టికెట్ ఇచ్చిందని రెండు రాష్ట్రాల్లోనూ చెప్పుకున్నారు. ఓడిపోయారు. ఆ ఏడు ఆ పార్టీకి రాష్ట్రమంతా పదకొండు సీట్లే వచ్చాయి కాబట్టి దాన్నిబట్టి ఆయన్ని తూచడం న్యాయం కాదు. కానీ టికెట్ చేతికొచ్చినంత మాత్రాన ఏమీ కాదని మీ ఆయనకు తెలియాలి.

మీ గురించి కూడా ఒక మాట. అమెరికాలో ఆండ్రూ జాన్సన్ అని ఒక దర్జీ ఉండేవాడు. చిన్నప్పుడే ఒక దర్జీ దగ్గర పనికి పెట్టారు. అక్కడినుంచి పారిపోతే, పట్టిచ్చినవాళ్లకు పది డాలర్లు ఇస్తానని యజమాని పేపర్లో ప్రకటన వేశాడు. బడి మొహం చూడలేదు. టెనెసీ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో సొంత దుకాణం పెట్టుకున్నాక, రాయడమూ లెక్కలూ గట్టిగా వచ్చింది భార్య ఎలైజా దగ్గరే. దుకాణం ఊరివాళ్లకు రచ్చబండ అయింది. సూది ఆడుతుంటే చుట్టూ వాదనలు. అక్కడినుంచి ఊరి కౌన్సిల్, 1835లో రాష్ట్ర శాసనసభ, 1853లో గవర్నర్ పదవి. ఆఖరికి అధ్యక్షుడు లింకన్ కింద ఉపాధ్యక్షుడు, లింకన్ హత్య తర్వాత ఏకంగా దేశాధ్యక్షుడు. ఇక్కడిదాకా విని మురిసిపోకండి. పదవిలోకి వచ్చాక, అప్పుడే బానిసత్వంనుంచి బయటపడ్డ నల్లవాళ్లకు హక్కులివ్వడానికి అడ్డుపడ్డాడు. 1868లో అభిశంసన, అంటే పదవిలోంచి దించే విచారణ, దాకా వెళ్లి, ఒకే ఒక్క ఓటుతో బయటపడ్డాడు. చెమటోడ్చిన చేయి కాబట్టి మంచే చేస్తుందన్న పూచీ ఏమీ లేదు. మీ ఆయన అలా అవుతాడని కాదు, "మనలాంటోడు" అన్న ఒక్క మాట మీద ఓటు అడగొద్దని చెప్పండి.

డబ్బు దగ్గరికొద్దాం, మీ నిద్ర పాడవుతున్నది అక్కడే కదా. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1889 దాకా శాసనసభ్యుడికి జీతం లేదు. జీతం లేని పదవికి ఎవరొస్తారు? పొలాలున్నవాళ్లు, వకీళ్లు. ఆ ఏడు జీతం పెట్టారు. రెండేళ్లు తిరక్కుండానే, 1891లో, కార్మిక సంఘాలు నిలబెట్టినవాళ్లు 35 మంది సభలోకి వచ్చారు. అందులో ఒకడు జేమ్స్ మెక్‌గోవెన్, ఇనుప రేకులు వంచి బాయిలర్లు తయారుచేసే పనివాడు. 1910లో ఆ రాష్ట్రానికి లేబర్ పార్టీ మొదటి ప్రీమియర్ అయ్యాడు. ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రిలాగే. తమాషా ఏమిటంటే 1917లో ఆయన సీటులోనే ఆయన్ని ఓడించినవాడు విలియం మెకెల్, అతనూ బాయిలర్ పనివాడే! ఆ మెకెల్ 1941లో ప్రీమియర్, 1947లో దేశానికే గవర్నర్ జనరల్.  ఆ పనివాళ్లను నిలబెట్టింది సంఘం, గెలిచాక ఇల్లు గడవడానికి జీతం ఉంది.

మీ ఇంట్లో మాత్రం లెక్క తిరగబడింది. పార్టీ మీ ఆయన్ని నిలబెట్టడం లేదు, మీ చీటీ డబ్బు పార్టీని నిలబెడుతోంది.

ఇది నేను పుస్తకం చదివి చెబుతున్నది కాదు. మా నాన్న టర్నర్. పీణ్యలో చిన్న షెడ్డులో రెండు లేత్ మెషీన్లు. మైక్రోమీటర్ పెట్టకుండా వేలితో తడిమి "ఇంకో దారమంత తీయాలి" అనేవాడు, కొలిస్తే అంతే ఉండేది. చుట్టుపక్కల షెడ్లవాళ్లకు ఏ తగువొచ్చినా ఆయనే పెద్దమనిషి. ఒకాయన వచ్చి వార్డు ఎన్నికల్లో నిలబడమన్నాడు, టికెట్‌కు తనది పూచీ అన్నాడు. నాలుగు నెలలు నాన్న షెడ్డుకు పోలేదు. చివరిరోజు బి ఫారం, అంటే పార్టీ టికెట్ కాగితం, ఇంకొకరి చేతికి వెళ్లింది. పంతానికి ఇండిపెండెంట్‌గా వేశాడు, డిపాజిట్ పోయింది. ఓడిన మర్నాడు నేనూ వెంట వెళ్లాను. షట్టర్ ఎత్తితే మూసిన షెడ్డు వాసన కొట్టింది. లేత్‌లో ఇనుప ముక్కను పట్టి ఉంచే చక్ మీద తుప్పు పట్టి ఉంది. నాన్న ఏమీ అనకుండా ఎమరీ పేపర్ తీసుకుని సాయంత్రం దాకా ఆ తుప్పు గీకుతూ కూర్చున్నాడు. తుప్పు పోయింది గానీ, వేరే షెడ్డుకు అలవాటుపడ్డ గిరాకీ తిరిగి రావడానికి రెండేళ్లు పట్టింది. ఓడినందుకు ఆయన ఎప్పుడూ బాధపడలేదు. ఆ నాలుగు నెలలు మెషీన్ ఆపినందుకు మాత్రం చివరిదాకా తిట్టుకున్నాడు.

అందుకే ఆ మూడు లక్షల మాట వినగానే నా ఒళ్లు మండింది. ఇవ్వొద్దు, రూపాయి కూడా. పార్టీ టికెట్ అన్నది నోటిమాట కాదు. ఏ, బి ఫారాలు అని రెండుంటాయి. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు అవి రిటర్నింగ్ ఆఫీసర్ చేతికి చేరితేనే మీ ఆయన ఆ పార్టీ అభ్యర్థి. అంతకుముందు ఎవరు ఏ పూచీ ఇచ్చినా గాలిమాటే. ఫండు అడిగిన లీడరును పార్టీ పేరుతో రసీదు ఇమ్మనండి. ఇస్తాడేమో చూడండి.

పైగా అసలు మెలిక మీరు ఉత్తరం చివర్లో, ఏదో మాటవరసకన్నట్టు రాశారు. మీ ఓట్లు కదిరిలో ఉన్నాయి! కర్ణాటక అసెంబ్లీకి నిలబడాలంటే ఈ రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటరై ఉండాలి. వార్డుకైతే ఇక్కడి నగర ఓటర్ల జాబితాలో పేరుండాలి. రెండు చోట్లా ఓటు పెట్టుకోవడం చట్టం ఒప్పదు. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడ ఉంటూ, ఇక్కడి ట్రాన్స్‌ఫార్మర్ మార్పించి, ఓటు మాత్రం అక్కడ పెట్టుకున్న మనిషిని "రేపు ఎమ్మెల్యే" అన్నాడంటే, ఆ లీడరు ఆ ముక్క కూడా అడగలేదన్నమాట. అక్కడే అర్థమైపోతోంది ఆయనకు కావలసింది ఏమిటో. ఓటు ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం 8 పెట్టుకోవాలి, ఫోన్లోనే అవుతుంది. మార్చుకుంటే కదిరిలో ఓటు పోతుంది. జాతరకో పెళ్లికో పోయినట్టు ఎన్నికలకు ఊరు పోయే సంబరం కూడా దాంతోపాటే పోతుంది. అది మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం. నాకు అడిగే హక్కు లేదు గానీ, నేనైతే ఎప్పుడో మార్చుకునేదాన్ని.

కాంట్రాక్టర్ లైసెన్సు ఉందన్నారు. సర్కారు బడి వైరింగో, ఆస్పత్రి పనో రాష్ట్ర ప్రభుత్వంతో ఆయన పేరుమీద కాంట్రాక్టు నడుస్తుండగా అసెంబ్లీకి నామినేషన్ వేస్తే చెల్లదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 9ఎ సెక్షన్ అని ఉంది. ఆయన చేయాల్సిన పని పూర్తిగా చేసేసి, సర్కారు బిల్లు మాత్రం బాకీ ఉంటే అది అడ్డు కాదు. చేతిపని చేసేవాళ్లకు ఈ సెక్షన్ కాళ్లకు అడ్డం పడుతుందని ఎవరూ ముందుగా చెప్పరు. ఆ మాటకొస్తే వార్డు ఎన్నికలకూ కార్పొరేషన్ పనుల విషయంలో ఇలాంటి నియమాలుంటాయి. చేతిలో ఉన్న పనుల కాగితాలన్నీ ఒకసారి వకీలుకు చూపించండి. దానికయ్యే ఫీజు ఆ మూడు లక్షల ముందు ఎంత?

అసెంబ్లీకి డిపాజిట్ పదివేలు, ఎస్సీ ఎస్టీలకు అందులో సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరోవంతుకు మించి రాకపోతే అది తిరిగి రాదు. ఇండిపెండెంట్‌గా వేస్తే ఆ నియోజకవర్గం ఓటర్లు పదిమంది ప్రతిపాదిస్తూ సంతకం పెట్టాలి. ఇవన్నీ చిన్న విషయాలే. అభ్యర్థి ఖర్చుకు కర్ణాటకలాంటి పెద్ద రాష్ట్రంలో చట్టం పెట్టిన హద్దు 40 లక్షలు. హద్దే అంతుంటే ఎదుటివాళ్లు ఎంతకు దిగుతారో మీరే ఊహించుకోండి. ఆ పందెంలో చీటీ డబ్బుతో దిగేవాడు మొదటి వారంలోనే అయిపోతాడు.

మరి ఆపాలా అంటారా? ఆపకండి. ఆ నోట్‌బుక్కు విషయం చదివి నాకు ముచ్చటేసింది. ఆఫీసు ముందు అరిచేవాళ్లు చాలామంది ఉంటారు. నెల రోజులు నిద్ర మానుకుని ఏ ఫేజులో ఎంత లోడో రాసుకుని పోయేవాడు ఎక్కడోగానీ ఉండడు. ఇంజనీరుకు కాదనడానికి వీల్లేకుండా పోయింది చూడండి, ఆ ఒడుపు చేతిపనిలోంచే వచ్చింది. దాన్ని తెల్ల చొక్కా వేసుకుని లీడరు కారు వెనక తిరగడానికి వాడితే వృథా. పక్క లేఅవుట్‌లో వీధి దీపాలు వెలగడం లేదా? ఇంకో నోట్‌బుక్కు. వాన పడితే స్తంభానికి షాకు కొడుతోందా? ఎర్తింగ్ ఎక్కడ పోయిందో చూపించి అర్జీ. అలా నాలుగు లేఅవుట్లు ఆయన్ని పేరు పెట్టి పిలిచేదాకా రావాలి. అప్పుడు పార్టీయే బి ఫారం పట్టుకుని వస్తుందో రాదో చూద్దాం. రాకపోయినా ఆ దీపాలు వెలుగుతాయి కదా.

పని మాత్రం మానకూడదు. ఈ ఒక్కదాని దగ్గర గట్టిగా నిలబడండి. సోమవారంనుంచి పనిలోకి పోవాలి, కుర్రాళ్ల కూలి ఆగకూడదు. సంఘం పనులు సాయంత్రాలు, ఆదివారాలు. వలేసా అధ్యక్షుడయ్యాక 1995లో ఓడిపోయాడు, ఇంకో ఏడాదికి మళ్లీ అదే కార్ఖానాకు ఎలక్ట్రీషియన్‌గా వెళ్లి హాజరు వేయించుకున్నాడు. మాజీ అధ్యక్షుడికి అప్పట్లో పెన్షన్ కూడా లేదు మరి! ఇది మీ ఆయనకు చెప్పండి, వీడియోలో వచ్చి ఉండదు.

ఇక ఆ వార్డు. బెంగళూరులో పాత కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో తీరాక ఏళ్ల తరబడి ఎన్నికలే జరగలేదు. 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా చీల్చి వార్డులన్నీ తిరగరాశారు. "వచ్చే నెలే ఎన్నికలు" అన్న మాట నమ్మి చొక్కాలు కుట్టించుకున్నవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు, మీ ఆయన ఒక్కడే కాదు. ఇంకో సంగతి, ఆ లీడరు చెప్పి ఉండడు. ఈ రాష్ట్రంలో పట్టణాల్లో వార్డుల్లో సగం దాకా ఆడవాళ్లకే కేటాయిస్తారు. మీ వార్డు మహిళలకు పోయిందనుకోండి, ఆ లీడరే మళ్లీ మీ ఇంటికి వస్తాడు, ఈసారి పోస్టర్‌కు మీ ఫొటో అడుగుతూ. సంతకాలు మీరు పెట్టండి, పని మీ ఆయన చూసుకుంటాడు అంటాడు. అప్పుడు మెషీన్ ఆపకుండానే నాకు ఇంకో ఉత్తరం రాయండి.